అమ్మను అడిగారా?

మొన్న వేసవిలో దేవరకొండ దగ్గరి ఒక పల్లె నుంచి ఫోన్ వచ్చింది. ‘అయ్యగారూ, అమ్మ సంగతి తేల్చాలె. మీరొచ్చి నడుమ కూసుంటే మాకు లొల్లి ఉండది’ అన్నాడు ఆ ఇంటి పెద్దకొడుకు. వెళ్లాను. నలుగురు పిల్లలూ వచ్చి ఉన్నారు. ఒకరు ముంబైలో మేస్త్రీ, ఒకరు హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగి, ఒకరు ఊళ్లోనే వ్యవసాయం. ఆడబిడ్డ మిర్యాలగూడలో ఉంటుంది. ప్రార్థన చేసుకుని మాటల్లోకి దిగాం. ఎవరి దగ్గర ఎన్ని నెలలు ఉంచుకోవాలి, మందుల ఖర్చు ఎవరిది, పింఛను డబ్బులు ఎవరి చేతికి రావాలి, ఊళ్లో ఇల్లు ఎవరికి? రెండు గంటలు గడిచాయి. మాట పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. అందరూ మంచి పిల్లలే. అమ్మను చూసుకోబోమని ఒక్కరూ అనలేదు. నా దగ్గరే ఉండాలని ఇద్దరు పట్టుబట్టారు కూడా.

ఆ రెండు గంటలూ ఆ తల్లి బయట అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తూనే ఉంది. ఆమెకు 78 ఏళ్లు. చెవులు కాస్త మందగించాయి గాని తెలివి చెక్కుచెదరలేదు. ‘మరి అమ్మను అడిగారా?’ అన్నాను. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ‘ఆమెకేం తెలుస్తది అయ్యగారూ, మేం ఏడ పెడితే ఆడ ఉంటది’ అన్నాడు చిన్నకొడుకు.

ఆ మాటకు నాకు అతని మీద కోపం రాలేదు. ఎందుకంటే ఆ మాట ఒకప్పుడు నేనూ అన్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞను (నిర్గమకాండం 20:12) మనం ఎక్కువగా సండే స్కూలు పిల్లలకు నేర్పిస్తాం. కాని సీనాయి కొండ కింద నిలబడి ఆ ఆజ్ఞ విన్నవారిలో పెళ్లిళ్లయి, పిల్లల్ని కని, ముసలి తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని ఎడారిలో నడుస్తున్న పెద్దలు ఎందరో ఉన్నారు. ముఖ్యంగా ఆ ఆజ్ఞ వారికే. అక్కడ ‘సన్మానించడం’ అన్న అర్థంలో వాడిన హీబ్రూ మాటకు మూలం ‘బరువు’. అంటే తల్లిదండ్రులకు బరువివ్వాలి, వారి మాటకు తూకం ఉండాలి అని దేవుడి ఉద్దేశం. మన భాషలోనూ బరువు అన్న మాట ఉంది. అయితే ‘ముసలోళ్లు బరువైపోయారు’ అనడానికి వాడుకుంటున్నాం. వారి మాటకు బరువివ్వమని దేవుడంటే, మనం వారినే బరువుగా లెక్కగడుతున్నాం. మాట ఒక్కటే గాని ఈ రెండింటి మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరముంది.

ఈ విషయంలో నాకు కనువిప్పు కలిగించిన మనిషి బైబిల్లో ఒకాయన ఉన్నాడు. పేరు బర్జిల్లయి. ఆయన మీద ప్రసంగాలు అరుదు. అబ్షాలోము తిరుగుబాటు చేసినప్పుడు దావీదు రాజు ప్రాణాలు అరచేత పట్టుకుని యొర్దాను దాటి మహనయీముకు పారిపోయాడు. అప్పుడు పరుపులు, పాత్రలు, గోధుమలు, చిక్కుళ్లు, తేనె, వెన్న తెచ్చి ఆదుకున్నవారిలో బర్జిల్లయి ఒకడు (2 సమూయేలు 17:27-29). కష్టకాలం గడిచి దావీదు యెరూషలేముకు తిరిగి వెళ్తుంటే, 80 ఏళ్ల ఆ వృద్ధుడు సాగనంపడానికి నది దాకా వచ్చాడు. దావీదు కృతజ్ఞత మరచిపోలేదు. నాతో రా, రాజధానిలో నా దగ్గర పెట్టుకుని పోషిస్తానని పిలిచాడు (2 సమూయేలు 19:31-39).

రాజభవనం, రాజు భోజనం. కాదనేవారుంటారా? బర్జిల్లయి కాదన్నాడు. తన వయసెంతో చెప్పాడు. నాలుకకు రుచి తెలియడం లేదన్నాడు. పాటగాళ్ల గొంతు చెవికి అందడం లేదన్నాడు. తాను రాజుకు భారం కావడం ఎందుకన్నాడు. తన ఊళ్లో, తన తల్లిదండ్రుల సమాధి దగ్గర కన్నుమూయనిమ్మని అడిగాడు. అంతటితో ఆగక, తనకు బదులు కింహామును తీసుకెళ్లమన్నాడు.

దావీదు ఏం చేశాడో గమనించండి. ‘ఇంత చేసిన మనిషిని వదిలి వెళ్తే లోకం నన్నేమంటుంది?’ అనలేదు. ‘నీకేం తెలుసు, పద’ అని పల్లకి ఎక్కించలేదు. ముసలాయన మాట పూర్తిగా విన్నాడు. కింహామును వెంట తీసుకెళ్తాను, అతనికి నీకు ఇష్టమైనట్టే చేస్తాను, నువ్వు ఇంకేం కోరినా చేస్తానని మాటిచ్చాడు. బర్జిల్లయిని ముద్దు పెట్టుకుని, దీవించి, ఇంటికి పంపాడు. ఆ మాట నది ఒడ్డునే మరచిపోలేదు. తన మరణశయ్య మీద కూడా బర్జిల్లయి కొడుకులను ఆదరించమని సొలొమోనుకు అప్పగించాడు (1 రాజులు 2:7). మేలు చేయాలన్న మనసు, ఎదుటి మనిషిని అడిగే వినయం రెండూ కలిస్తేనే సన్మానం. మొదటిది ఉండి రెండోది లేకపోతే అది ప్రేమే కావచ్చు గాని సన్మానం కాదు.

ఇప్పుడు నా సంగతి. మా అమ్మది మర్రిగూడ వైపు పల్లె. మునుగోడు, మర్రిగూడ, చండూరు ప్రాంతాల భూగర్భజలం ఎలాంటిదో ఈ జిల్లావారికి చెప్పనక్కర్లేదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడు ఇక్కడి బావుల్లో, బోరుబావుల్లో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక కొత్త తరానికి తప్పించుకునే దారి దొరికింది గాని, అంతకుముందు 50 ఏళ్లు ఆ నీళ్లే తాగినవారి ఎముకల్లో చేరిన విషం వెనక్కి పోదు. మెడ తిరగదు, వెన్ను వంగిపోతుంది, మోకాళ్లు ముడుచుకోవు. మా అమ్మ నడుము అలాగే వంగిపోయింది. ఆమె నడుస్తుంటే నేలలో పోగొట్టుకున్నదేదో వెతుక్కుంటున్నట్టు ఉండేది.

నాయన చనిపోయిన ఏడాదికి, అంటే ఇప్పటికి పుష్కరం కిందట, అమ్మను నల్గొండలో నా ఇంటికి తెచ్చుకున్నాను. అప్పుడు మాది మేడ మీది అద్దె ఇల్లు. ఆమెకు మెట్లు దిగడం కష్టం, గొంతుక్కూర్చోవడం అంతకన్నా కష్టం. ఊళ్లో ఆమెకు ఒక వేపచెట్టు, నాలుగు కోళ్లు, పొద్దుగూకితే వచ్చి కూర్చునే ముగ్గురు ముసలమ్మలు, చర్చిలో ముందు వరుసలో ఒక చాప ఉండేవి. నా ఇంట్లో ఒక మంచం, ఒక కిటికీ మిగిలాయి. ‘నన్ను ఊర్ల దింపి రా కొడకా’ అని మూడుసార్లు అడిగింది. ‘పాస్టర్ తల్లి ఊళ్లో ఒంటరిగా ఉంటే జనం ఏమనుకుంటారమ్మా, నీకేం తెలుసు’ అన్నాను. నేను కాపాడుకున్నది నా పేరునే. ఆ నెలలోనే తల్లిదండ్రుల సన్మానం గురించి ప్రసంగం కూడా చేశాను. నలుగురూ మెచ్చుకున్నారు.

ఒక తెల్లవారుజామున అమ్మ బాత్రూములో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రి వరండాలో మేము ముగ్గురు అన్నదమ్ములం నిలబడి డాక్టరు గారితో మాట్లాడాం, సంతకాలు పెట్టాం. ఆపరేషన్ అయింది. డాక్టర్ల మీద నాకే ఫిర్యాదూ లేదు, చేయవలసింది చేశారు. కాని అమ్మ మళ్లీ లేచి నడవలేదు. ఐదు నెలలు మంచంలో ఉండి ప్రభువు సన్నిధికి చేరింది. సమాధి కార్యక్రమం అయ్యాక మా చెల్లె ఒక మాట చెప్పింది. ఆసుపత్రిలో ఆ రాత్రి అమ్మ ఆమె చేయి పట్టుకుని ‘నన్నేం జేస్తున్నరు బిడ్డా? ఒక్కలన్న జెప్తలేరేంది?’ అని అడిగిందట. థియాలజీ చదివి, వందల ఇళ్లలో ఆదరణ మాటలు చెప్పిన నేను, ఇరవై అడుగుల దూరంలో ఉన్న తల్లి దగ్గరికి వెళ్లి ‘అమ్మా, నీ ఎముక విరిగింది, ఇలా చేయాలంటున్నారు, నీకు సరేనా?’ అని అడగలేదు. అడిగితే ఆమె సరేనని ఉండవచ్చు. అడగలేదన్నదే నా పాపం. దేవుడు క్షమించాడని నమ్ముతున్నాను. ఇది రాస్తున్నది మరో కొడుకు ఆ వరండాలో నాలాగా నిలబడకూడదని.

‘బర్జిల్లయి ధనవంతుడు, పనివాళ్లుంటారు, ఊళ్లో ఉండగలిగాడు, మా అమ్మకు ఎవరున్నారు?’ అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పాలమూరు, దేవరకొండ పల్లెల నుంచి ముంబై, పుణె పనులకు పోయిన కొడుకు తల్లి దగ్గర కూర్చోలేడు. హైదరాబాద్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేవాడు నాలుగు కోళ్లను తెచ్చిపెట్టలేడు. అడిగినవన్నీ జరుగుతాయని నేను చెప్పడం లేదు. అడిగాక చేయలేకపోతే, ఎందుకు చేయలేమో వారి కళ్లలోకి చూసి చెప్పవచ్చు. అప్పుడు ఇద్దరూ కలిసి ఒక మధ్యే మార్గం వెతుక్కోవచ్చు. బర్జిల్లయి కూడా రాజు మాటను పూర్తిగా తోసిపుచ్చలేదు కదా. యొర్దాను దాకా తోడు వచ్చాడు, కింహామును పంపాడు. పిల్లలు వినాలి, పెద్దలు కూడా కొంత సడలాలి. పెద్దలకు నా మనవి ఒకటి: ‘మీ ఇష్టం బిడ్డా’ అని తప్పుకోకండి. మీ మనసులో ఉన్నది చెప్పకపోతే పిల్లలు ఊహించుకుంటారు, ఆ ఊహలు తప్పుతాయి.

ఇంతకీ ఏమేం అడగాలి? అనుభవం మీద నేను ఐదు సంగతులు చెబుతాను.

మొదటిది, ఎక్కడ ఉండాలన్నది. మన పల్లెల్లో వంతులు వేసే అలవాటుంది. నెలకో కొడుకు ఇంటికి సంచి పట్టుకుని తిరిగే తల్లులను చూస్తూనే ఉన్నాం. ఇంకొన్ని ఇళ్లలో అమ్మ ఒకరికి, నాయన ఒకరికి అని పంచుకుంటారు. దేవుడు కలిపిన జంటను మనిషి విడదీయకూడదని పెళ్లినాడు ప్రకటించే మేము, 50 ఏళ్ల కాపురం తర్వాత కొడుకులే ఆ జంటను విడదీస్తుంటే నోరు మెదపడం లేదు. ఇది సంఘం సిగ్గుపడవలసిన విషయం. ఊళ్లోనే ఉంటానంటే అక్కడ ఏం కావాలో చూడాలి. కూర్చునే కమోడు, గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రివేళ ఒక చిన్న బల్బు, నాలుగు పెద్ద అంకెలున్న ఫోను, రోజుకు రెండుసార్లు తొంగిచూసే ఒక మనిషి. నడుము వంగిన మన జిల్లా పెద్దలకు కమోడు విలాసం కాదు. మా ఇంట్లో అది ముందే ఉండి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. వృద్ధాశ్రమంలో చేర్చడం పాపమా అని కొందరడుగుతారు. పెద్దలు ఒప్పుకుని, పిల్లలు రాకపోకలు మానకుండా ఉంటే అది పాపం కాదు. చెప్పకుండా కారెక్కించి అక్కడ దింపి రావడం పాపం.

రెండవది, ఒంటి సేవ. స్నానం, మలమూత్రాలు, మంచం పట్టినవారిని రెండు గంటలకోసారి అటు ఇటు తిప్పడం. లేకపోతే పడక పుండ్లు పడతాయి. ఇవన్నీ ఎవరు చేయాలి? మనం మాట్లాడకుండానే అది కోడలి మీద పడుతుంది. ఆజ్ఞ ఇచ్చింది కొడుక్కి. కొడుకు ఆరాధనలో సాక్ష్యం చెబుతాడు, కోడలు బట్టలు ఉతుకుతుంది. రూతు నయోమిని వెంబడించింది నిజమే, కాని అది ఆమె తనంతట తాను ఎంచుకున్నది. ఎవరూ ఆమె మీద వేయలేదు. మీ భార్య రూతు కావాలని కోరేముందు మీరు యోసేపు కండి. ఐగుప్తుకు అధిపతిగా ఉండి కూడా తండ్రి జబ్బుపడ్డాడని తెలియగానే ఆయన పడక దగ్గరికి వచ్చాడు (ఆదికాండం 48:1). వారానికి రెండు రోజులైనా ఆ గిన్నె, ఆ గుడ్డ మీరు పట్టుకోండి. దూరాన ఉన్నవారు డబ్బు పంపి చేతులు దులుపుకోకుండా, ఏడాదికి కొన్ని వారాలైనా వచ్చి దగ్గరున్నవారికి విరామం ఇవ్వండి.

మూడవది, డబ్బు, కాగితాలు. పింఛను పుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతాకు నామినీ, రోజూ వేసుకునే మందుల చీటీ ఒక సంచిలో ఉండాలి, అది ఎక్కడుందో ఇద్దరికి తెలియాలి. ఆరోగ్యశ్రీ 2007లో మొదట మొదలైన జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అయినా అత్యవసర వేళ కార్డు దొరకక అప్పు చేసినవారిని నేనెరుగుదును. భూమి, ఇల్లు పిల్లల పేర రాసే పెద్దలకు ఒక హెచ్చరిక. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమానికి 2007లో వచ్చిన చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక చూసుకోకపోతే ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. ఆ షరతును దస్తావేజులో స్పష్టంగా రాయించుకోవడం మంచిది. ఈ చట్టాన్ని పెద్దల మేలు కోసం ఉదారంగా చదవాలంటూ 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తల్లి ఇచ్చిన దానపత్రాన్ని రద్దు చేసింది. పోషణ కోసం ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు. 14567 నంబరుకు ఫోన్ చేస్తే సలహా దొరుకుతుంది. విశ్వాసులు ఆ గడప ఎక్కే పరిస్థితి రాకూడదు. వస్తే మాత్రం, ఆకలితో ఉన్న తల్లిని ‘సాక్ష్యం పోతుంది, ఓర్చుకో’ అని ఆపే హక్కు ఏ పాస్టరుకూ లేదు.

డబ్బు గురించి మా సేవకులకు కూడా ఒక మాట. తల్లిదండ్రులకు ఇవ్వవలసింది దేవునికి అర్పించేశామని చెప్పి తప్పించుకునేవారిని యేసుప్రభువు ఎంత గట్టిగా గద్దించాడో మార్కు సువార్త 7:9-13లో ఉంది. ‘కొర్బాను’ అని పేరు పెట్టి ఆజ్ఞను కొట్టేశారని ఆయన అన్నాడు. అమ్మకు బీపీ మాత్రలు కొనకుండా సభలకు పెద్ద కానుక ఇచ్చేవాడి కవరు తీసుకుంటే, ఆ కొర్బానులో నాకూ వాటా ఉంటుంది. అలాగే ‘ప్రార్థన చేస్తున్నాం, మాత్రలు ఆపేశాం’ అనే ఇళ్లకు చెబుతున్నాను, పౌలు తోటి పనివాడైన లూకా వైద్యుడే (కొలొస్సయులు 4:14). ప్రార్థన చేయండి, మాత్రలూ వేయండి.

నాల్గవది అన్నిటికన్నా కష్టమైనది. చివరి రోజుల్లో ఏం చేయాలి? ఆశ లేదని డాక్టర్లే చెప్పాక కూడా ఎకరం అమ్మి వెంటిలేటర్ మీద పది రోజులు ఉంచడం ప్రేమ అనుకుంటాం. అమ్మ ఇంటికి పోదామని సైగ చేస్తుంటే చేతులు మంచానికి కట్టించిన ఇళ్లున్నాయి. ప్రాణం దేవుడిది. దాన్ని తీసే హక్కు మనకు లేదు. దేవుడు పిలుస్తున్నప్పుడు బలవంతంగా పట్టి లాగే బాధ్యతా మన మీద లేదు. ఈ రెండింటి తేడా విశ్వాసులు తెలుసుకోవాలి. కోలుకునే దారి లేనప్పుడు ఎలాంటి చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే సరిపోతుంది. ఇది చంపమని అడగడం కాదు. నయం చేయలేని చోట కూడా నొప్పి తగ్గించే వైద్యం ఉంది. ఆ సేవకు ఆధునిక రూపమిచ్చిన డాక్టర్ సిసిలీ సాండర్స్ క్రైస్తవ విశ్వాసురాలు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. పాలియేటివ్ కేర్ అనే ఈ సేవ తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా మొదలైంది. అడిగి తెలుసుకోండి.

ఐదవది, సమాధి సంగతి. ఇది అడిగితే అపశకునమని భయపడతాం. తనను ఐగుప్తులో పాతిపెట్టవద్దని యాకోబే కొడుకును పిలిచి ప్రమాణం చేయించుకున్నాడు (ఆదికాండం 47:29-31). పునరుత్థానాన్ని నమ్మేవారికి ఆ మాట ఎత్తడానికి భయమెందుకు?

ఇవన్నీ ఒక్కసారి అడిగితే చాలదు. నాల్గవ శతాబ్దపు భక్తుడు అగస్టీన్ తన తల్లి మోనికా గురించి రాసిన సంగతి ఇక్కడ గుర్తుకొస్తుంది. ఆఫ్రికాలోని తమ ఊళ్లో భర్త పక్కనే సమాధి కావాలని ఆమె ఏళ్ల తరబడి కోరుకుంది. స్థలం కూడా సిద్ధం చేసుకుంది. కాని 387లో ఇటలీలోని ఓస్టియా రేవులో జ్వరంతో పడకేసినప్పుడు, తన దేహాన్ని ఎక్కడైనా పెట్టండి, ప్రభువు బల్ల దగ్గర మాత్రం నన్ను తలచుకోండి అని కొడుకులకు చెప్పింది. సొంత దేశంలో కన్నుమూస్తే బాగుండునని మరో కొడుకు అనబోతే కళ్లతోనే వారించింది. బర్జిల్లయి తన ఊరు కోరాడు, మోనికా తన ఊరిని వదులుకుంది. ఇద్దరూ భక్తులే. కాబట్టి పెద్దలంటే ఇంతే అని ఎవరూ సూత్రం చెప్పలేరు. మీ అమ్మ మనసు మీ అమ్మనే అడగాలి, ఏడాదికోసారి మళ్లీ అడగాలి. మతిమరుపు ముదిరి అడగడానికి వీల్లేని రోజు వస్తే, అప్పటిదాకా విన్న మాటలే మీకు దారి చూపిస్తాయి.

యేసుప్రభువు పేతురుతో, ముసలితనంలో మరొకడు నీకు నడుము కట్టి, నీకు ఇష్టం లేని చోటికి తీసుకెళ్తాడని చెప్పాడు (యోహాను 21:18). అది పేతురు మరణాన్ని గురించిన మాటని యోహానే వివరించాడు. అయినా ముసలితనం ఎలా ఉంటుందో ప్రభువుకు ఎంత బాగా తెలుసో ఆ మాటలో కనబడుతుంది. ఇష్టం లేని చోటికి తీసుకెళ్లే ఆ మరొకడు మనమే కాకుండా చూసుకోవాలి. సిలువ మీద ఊపిరి అందని గడియలో కూడా ఆయన తన తల్లిని గాలికి వదిలేయలేదు. పేరుపేరునా చూసి శిష్యుడికి అప్పగించాడు. ఆ గడియ నుంచే శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు (యోహాను 19:26-27). అది కూడా ఇద్దరికీ చెప్పి చేశాడు, తల్లికి చెప్పాడు, శిష్యుడికీ చెప్పాడు.

సంఘానికి కూడా పని ఉంది. ఆదిమ సంఘం 60 ఏళ్లు దాటిన విధవరాండ్ర పేర్లు రాసిపెట్టుకుంది (1 తిమోతి 5:9). ముందు పిల్లలు, మనుమలు తమ బాధ్యత నెరవేర్చాలని, ఎవరూ లేనివారి భారం సంఘం మోయాలని పౌలు స్పష్టంగా విభజించాడు. మన చర్చిల్లో సభ్యత్వ పుస్తకం ఉంటుంది, చందాల పుస్తకం ఉంటుంది. ఒంటరిగా ఉన్న పెద్దల పుస్తకం ఎన్ని చర్చిల్లో ఉంది? పింఛను మిషన్ మీద వేలిముద్ర పడని ముసలమ్మను వెంటబెట్టుకుని వెళ్లడం, నెలకోసారి బీపీ చూపించడం, చర్చికి రాలేనివారికి ప్రభువు బల్ల ఇంటికి తీసుకెళ్లడం మన యవనస్తులు చేయగలిగినవే.

ఆ రోజు దేవరకొండ పల్లెలో ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను. నలుగురు పిల్లలూ లేచి అరుగు మీదికి వచ్చారు. పెద్దకొడుకు తల్లి పక్కన కూర్చుని, ‘అమ్మా, నీ మనసుల ఏమున్నదే?’ అని అడిగాడు. ఆమె చాలాసేపు గింజలు తీస్తూనే ఉంది. తర్వాత తలెత్తకుండానే చెప్పింది. ‘చాతనైనన్ని దినాలు ఈడ్నే ఉంట. నా పొయ్యి నాకుండాలె. లేవలేని నాడు బిడ్డ కాడికి తోలుండ్రి, కొడుకులతోని ఒళ్లు కడిగిచ్చుకునుడు నాకు సిగ్గు. దవాఖాన్ల పైపులు పెట్టొద్దు. పోయినంక మీ నాయన పక్కన పెట్టుండ్రి.’ ఒంటి సేవ కొడుకులే చేయాలని ఎన్నో ఏళ్లుగా బోధిస్తున్న నాకు కూడా ఆమె పాఠం చెప్పింది. ఆమె మనసు తెలిశాక కొడుకుల పని వేరే రూపం తీసుకుంది. ఊళ్లో ఉన్నవాడు రోజూ రెండుపూటలా చూడాలి, ముంబై కొడుకు, హైదరాబాద్ కొడుకు కమోడు కట్టించి మందులు భరించాలి, ఆడబిడ్డ దగ్గరికి వెళ్లిన నాడు ఆ ఇంటి ఖర్చు ముగ్గురూ పంచుకోవాలి. రెండు గంటల్లో తేలనిది పది నిమిషాల్లో తేలింది. ఇల్లు ఎవరికన్నది మాత్రం తేలలేదు. ‘అది నేను పోయినంక సూస్కోండ్రి’ అంది నవ్వుతూ.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మీ అమ్మ దగ్గరో, నాయన దగ్గరో ఒక అరగంట కూర్చోండి. ఫోను పక్కన పెట్టండి. సలహాలు చెప్పకండి. ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. వారి మాటకు బరువిచ్చిన ఇంట్లో వారెప్పుడూ బరువు కారు.